‘ఎప్పటికెయ్యది ప్రస్తుత…’ ఇక్కడ ‘ప్రస్తుతం’ అంటే ‘ఇప్పుడు’ కాదు

సుమతీ శతకంలోని ఈ పద్యం మన తెలుగు భాష గ్రూపులో ఇంతకుముందు రెండు మూడుసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ గొడవంతా చివరి పాదం మీదే, తప్పించుకు తిరగడం పిరికితనమా కాదా అనే జరిగింది. నాకు మాత్రం మొదటి పాదంలోని ఒక్క మాట గురించి మాట్లాడాలనుంది.

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ!

చిన్నప్పుడు చాలామందిమి ‘ప్రస్తుత’ దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, ‘మప్పటికా’ అని అందుకుని వల్లెవేసినవాళ్ళమే. ‘ప్రస్తుతము + అప్పటికి’ అనేది రెండు పాదాల మధ్య విరిగింది, ఆ విరుపులో అర్థం కూడా జారిపోయింది. పైగా ఇప్పుడు మనం ‘ప్రస్తుతం ఖాళీగా లేను’ అంటాం కాబట్టి ఆ మాట కనబడగానే ‘ఇప్పుడు’ అనే అర్థమే తడుతుంది. పద్యంలో ఆ అర్థం పొసగదు. ‘ఎప్పటికి ఏది ఇప్పుడో’ అంటే ఏం కుదురుతుంది? ఇక్కడ ప్రస్తుతం అంటే ఆ సమయానికి తగినది, నడుస్తున్న విషయానికి సంబంధించినది. ప్రస్తావన, ప్రస్తావించడం కూడా ఈ కుటుంబంలోవే. ఆ పాత అర్థం మన నాలుక మీద పూర్తిగా చచ్చిపోలేదు కూడా, వ్యతిరేక రూపంలో దాక్కుని ఉంది. ‘అప్రస్తుత ప్రసంగం’ అన్నప్పుడు ‘ఇప్పటిది కాని ప్రసంగం’ అని ఎవరూ అనుకోరు కదా.

నాకిది ఇంత పట్టింపు ఎందుకైందో చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఒకాయన వాళ్ళమ్మ పోయిన విషయం పోస్ట్ చేశారు. ఫొటో, కింద నాలుగు వాక్యాలు, చివర్లో ‘శ్రద్దాంజలి’ అని ఒత్తు తప్పుగా ఉంది. నేను వెళ్ళి ఎంతో మర్యాదగానే ‘శ్రద్ధాంజలి అని ఉండాలండీ, ద కింద ధ ఒత్తు’ అని రాశాను. పది నిమిషాల్లో ఆయన పోస్ట్ సరిచేసి, ‘మార్చానండీ, ధన్యవాదాలు’ అని జవాబిచ్చారు. ఆ జవాబు చూశాక నాకు చెయ్యి ఆడలేదు. అమ్మ పోయిన మనిషి ఆ రోజు కూర్చుని నాకోసం ఒత్తు దిద్దుకున్నాడు. నా మాటలో తప్పు లేదు, తిట్టు లేదు, ‘అండీ’ కూడా ఉంది. అయినా అది అప్రస్తుతం. ఆన్‌లైన్ మర్యాద అంటే బూతులు రాయకపోవడం, మీరు అనడం, అంతవరకే అనుకునేదాన్ని నేను. ఈ పద్యం అంతకంటే ముందున్న మెట్టు గురించి చెప్తోందని ఆ రోజు తెలిసింది.

ఎదురుగా ఉంటే ఆ మాట నా నోట వచ్చేదే కాదు, మొహం చూసి ఆగిపోయేదాన్ని. ఫోన్‌లో ఒకరి చావు కబురు, దాని కింద ఒక జోకు, దాని కింద రాజకీయం, దాని కింద ఎవరి పాపాయో మొదటి అడుగు వేసిన వీడియో, అన్నీ ఒకే బొటనవేలి కింద నడిచిపోతుంటాయి. జానెడు దూరంలో ప్రస్తుతం నాలుగుసార్లు మారిపోతుంది, మన మూడ్ మాత్రం పైనున్న పోస్ట్ దగ్గరే ఉండిపోతుంది. రాజకీయం పోస్ట్ మీద వచ్చిన కోపం తీసుకెళ్ళి పాపాయి వీడియో కింద కక్కినవాళ్ళను కూడా చూశాను.

(‘ఇది తప్పించుకు తిరగమనే పిరికి పద్యం’ అన్నవారికి) మీ అభ్యంతరం అర్థమైందండీ, కానీ క్రియలు వరసగా చూడండి. ఆడి, నొప్పింపక, నొవ్వక, తప్పించుక. నాలుగూ అసమాపక క్రియలే (వాటితో వాక్యం పూర్తికాదు), నాలుగూ కలిసి ‘తిరుగువాడు’ మీదకి వస్తాయి. అందులో మొట్టమొదటిది ‘మాటలాడి’. నోరు మూసుకోమని ఎక్కడా లేదు, మాట్లాడాల్సింది మాట్లాడాకే మిగతావి. ఇక దేన్నుంచి తప్పించుకోవాలో పద్యం చెప్పలేదు, ఆ క్రియకి అలాంటి మాటేదీ తోడు లేదు. పైన నొప్పించడం, నొచ్చుకోవడం ఉన్నాయి కాబట్టి వాటికి దారితీసే రచ్చ నుంచి అని నేను చదువుకుంటాను. మాట చెప్పేశాక అవతలివాళ్ళు వ్యక్తిగతంగా దిగితే థ్రెడ్ మ్యూట్ చేసి వెళ్ళిపోవడం నాకు పిరికితనంగా అనిపించదు. ‘తా నొవ్వక’ అని మన గురించి కూడా ఉంది కదా, దాన్ని ఎవరూ పట్టించుకోరు. (ఇది తా + నొవ్వక. తా అంటే తాను. నొప్పి, నొప్పించు, నొచ్చుకొను అన్నీ ‘నొవ్వక’కి చుట్టాలే. కొందరు ‘తాను + ఒవ్వక’ అని విడదీస్తున్నారు, అలాంటి క్రియ లేదు.)

(‘అయితే తప్పు కనబడితే వదిలేయాలా?’ అన్నవారికి) వద్దండీ. భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళం, వదిలేయలేం. అదే ఒత్తు నేను నెల తర్వాత, ఆయనకి విడిగా మెసేజ్ పెట్టి చెప్పి ఉంటే అది ప్రస్తుతమే అయ్యుండేది. ఈ గ్రూపులో అయితే అందరి ముందూ చెప్పినా ప్రస్తుతమే, ఇక్కడికి వచ్చిందే దానికోసం.

ఇలా పాత అర్థం వ్యతిరేక రూపంలోనే బతికి ఉన్న మాటలు ఇంకేమైనా తడితే కింద రాయండి. నాకు ఇదొక్కటే దొరికింది.