రెండో టీవీకి కూడా బాక్సు పెట్టాల్సిందేనా?

బురుజు కాడ, కర్నూలు:

మా కేబులాయన అందరికీ బాక్సులు పెట్టి ఏళ్లయింది. కాకపోతే రెండో టీవీ ఉన్నోళ్ల కోసం అదే వైరులో కొన్ని చానెళ్లు పాత పద్ధతిలో వదిలేవాడు. మా అవ్వ గదిలో టీవీకి అవే దిక్కు. పోయిన నెల అవీ ఆపేశాడు. అడిగితే ‘టీవీకొక బాక్సు, బాక్సుకొక బిల్లు’ అంటాడు.

ఆ టీవీ మరీ పాతదేం కాదు. డిజిటల్ కేబుల్ చానెళ్లు పట్టే ట్యూనర్ లోపలే ఉంది. ఆటో ట్యూన్ పెడితే చానెళ్ల పేర్లు వరసగా పడ్డాయి గానీ ఒక్కటి తెరుచుకుంటే ఒట్టు. నల్ల తెర, మధ్యలో ‘స్క్రాంబుల్డ్’, అంటే తాళం వేసి ఉందని. పే చానెళ్లంటే సరే, దూరదర్శన్ సప్తగిరికీ తాళమేనా? నా వాదన ఒక్కటే, ఉచిత చానెళ్లు బాక్సు లేకుండా రావాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

వైరింగ్ మేస్త్రి, అనంతపురం:

కారణం చట్టంలోనే ఉందన్నా. 2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించినప్పుడు ఏ చానెలైనా ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే బాక్సుతోనే తెరుచుకునేలా తాళం వేసే పంపాలని పెట్టారు. ఉచితం, పే అని తేడా చూడలేదు. ముందు మెట్రోలు, తర్వాత 2013లో హైదరాబాద్, విశాఖ లాంటివి. మన కర్నూలు, అనంతపురం, కడప మూడో విడత. 2015 డిసెంబరు 31 అన్న గడువు కోర్టు కేసులతో జరిగి జరిగి 2017 జనవరి 31కి వచ్చింది. ఆ లెక్కన మీ కేబులాయన ఇన్నాళ్లూ వదిలిన చానెళ్లే రూలుకు విరుద్ధం. మీకు మేలే జరిగింది, అది వేరే సంగతి.

తాళం ఎందుకంటారా, పాత రోజుల్లో స్తంభం నుంచి ఎన్ని ఇళ్లకు వైరు దిగిందో ఆపరేటరుకు తప్ప ఎవరికీ తెలీదు. వెయ్యి ఇళ్లుంటే రెండొందలని చెప్పినా అడిగేవాడు లేడు. చానెళ్లవాళ్ల డబ్బు, సర్కారు పన్ను రెండూ మధ్యలోనే ఆగిపోయేవి. ఇప్పుడు బాక్సు నంబరుతో లెక్క తేలిపోతుంది. చానెల్ విలువ చూసి వేసిన తాళం కాదది, ఇళ్లు లెక్కపెట్టడానికి వేసింది.

బురుజు కాడ:

అట్లయితే మా ఇల్లు హాల్లో బాక్సుతోనే లెక్కలోకి వచ్చేసింది కదన్నా! లోపలి గదిలో అవ్వ సప్తగిరి చూస్తే ఎవరి పన్ను ఎగ్గొట్టినట్టు?

కడప కోడలు:

మా ఇంట్లో ఒకే బాక్సుతో రెండు టీవీలు నడిపాం. హాల్లోదానికి హెచ్‌డీఎమ్‌ఐ, లోపలి గదికి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు గోడకు బొక్క కొట్టి లాగాం. బొమ్మ బాగానే వచ్చింది. తంటా ఏమంటే హాల్లో ఏ చానెల్ పెడితే లోపలా అదే. మా అత్తమ్మ సీరియల్ చూస్తుంటే సరిగ్గా హత్య ఎవరు చేశారో తేలే ముందు మా మామయ్య వార్తలు పెట్టేవాడు. ‘ఒమే, నా బొమ్మ యాడికి పోయింది’ అని లోపల్నుంచి కేక. ఆమె చేతిలో రిమోట్ ఉన్నా గోడ అవతలున్న బాక్సుకు పనిచేయదు కదా. చివరికి రెండో బాక్సే పెట్టించాం. ఇంట్లో ఒక్కరే టీవీ చూస్తారంటే మాత్రం ఆ వైరు చాలు.

అనంత ఎండ:

ఇంత రాద్ధాంతం ఎందుకప్పా? డీడీ ఫ్రీ డిష్ పెట్టుకో. 2004 నుంచి నడుస్తా ఉంది. డిష్షు, బాక్సు ఒకసారి కొంటే నెలబిల్లు మాటే లేదు. మన జిల్లాల్లో డిష్షు ఆగ్నేయం వైపు తిరగాల. ఆ వైపు చెట్టు గానీ పక్కింటి మిద్దె గానీ అడ్డం లేకుంటే చాలు. గట్టి వానలో కాసేపు పోతుంది. మనకు అంత వాన పడితే పండగే, టీవీ ఎవరు చూస్తారు!

కడప కోడలు:

ఫ్రీ డిష్షులో పే చానెళ్లు రావన్నా. మా అత్తమ్మకు కావాల్సింది సీరియళ్లు.

కేబుల్ మనిషి, కడప:

నేను ఆపరేటర్నే, తిట్టేవాళ్లు తిట్టండి. రెండో బాక్సు డబ్బంతా నా జేబులోకి రాదు. చానెళ్లు ఇంటిదాకా తెచ్చినందుకు నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు అని బిల్లులో ఉంటుంది చూడండి, వేరే ఒప్పందం లేకపోతే అందులో 55 పాళ్లు పైన సిగ్నల్ ఇచ్చే సంస్థకు, 45 నాకు. బాక్సు కనెక్షన్ తీసేయనంతకాలం పైవాళ్ల కంప్యూటర్లో అది ఒక కనెక్షనే, అవ్వ చూసినా చూడకపోయినా.

ఇంకో మాట. రెండో బాక్సు పెట్టినాక ‘చదరాలు చదరాలుగా వస్తోంది, ఆగిపోతోంది’ అని ఫోన్లు వస్తాయి. పోయి చూస్తే వైరు మెలిపెట్టి టేపు చుట్టి ఉంటారు, లేదా వైరును రెండుగా చీల్చే స్ప్లిటర్ ఎప్పటిదో తుప్పు పట్టి ఉంటుంది. పాత పద్ధతిలో సిగ్నల్ బలహీనపడితే బొమ్మలో చుక్కలు పడేవి, అట్లనే చూసేవాళ్లు. డిజిటల్ అట్ల కాదు. కాస్త తగ్గినంతవరకూ శుభ్రంగా ఉంటుంది, ఇంకాస్త తగ్గితే చదరాలు పడి మొత్తం పోతుంది. కాబట్టి బాక్సు మార్చమని అడిగే ముందు ఆ స్ప్లిటర్, వైరు చివర పిన్ను మార్పించండి.

బురుజు కాడ:

సరే అన్నా, మరి రేటు సంగతి? రెండో టీవీకి ఆ ఫీజులో 40 శాతం మించి తీసుకోకూడదని 2020లో ట్రాయ్, అదే టీవీ రేట్లకు రూల్స్ పెట్టే సర్కారు సంస్థ, చెప్పింది. ఆ ఫీజుకు పరిమితి 130 రూపాయలు, దానికి 52, పైన పన్ను. మా కేబులాయన రెండింటికీ ఒకటే రేటు చెప్తున్నాడు.

కేబుల్ మనిషి:

ఆ 130 పరిమితినే 2024 జూలైలో ఎత్తేశారు. ఇప్పుడు ఎంత తీసుకోవాలన్నది పైన సిగ్నల్ ఇచ్చే కంపెనీల ఇష్టం, ముందే ప్రకటించాలంతే. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో రెండో టీవీ రేటు చూసి అది పట్టుకుని మాట్లాడండి, బేరానికి పనికొస్తుంది. ప్యాకేజీ అంటగడితే వద్దనండి. ఉచిత చానెళ్లు, పైన అవ్వ చూసే ఒకటో రెండో పే చానెళ్లు విడిగా అడగండి. విడిగా ఇవ్వడం 2019 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. కొందరు ‘సిస్టమ్‌లో రాదు’ అంటారు. వస్తుంది.

అనంత ఎండ:

చూశావా, ఆపరేటరే ఒప్పుకున్నాడు. ఇంత లెక్క వేసుకుని అడుక్కునే బదులు డిష్షు మేలు కాదా?

బురుజు కాడ:

మా ఇంటికి ఆగ్నేయంలో మూడంతస్తుల మిద్దె లేచిందప్పా, లేకుంటే ఆ పనే చేద్దును. రేపు బాక్సు అడుగుతా, విడి చానెళ్లతోనే. అయినా ఉచిత చానెళ్లకు తాళం తీయాలన్న మాట మీదే ఉన్నా. ఫ్రీ డిష్షులో సర్కారే ఊరికే ఇస్తున్న సప్తగిరికి వైరులో మాత్రం బాక్సు ఎందుకో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

కేబుల్ మనిషి:

ఊరికే వచ్చేది చానెల్ అన్నా. గాలివానకు వైరు తెగితే మీ స్తంభం ఎక్కే పిల్లోడికి జీతం ఇవ్వాలి.