పని చేస్తున్నంతకాలం ఎవరికీ గుర్తురాని ఇన్వెన్షన్ ఏది?

సందేహాలరావు (ప్రశ్న)

నిన్న రాత్రి భోజనాల దగ్గర మా బావమరిదితో మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. వాడు అనేది ఏంటంటే, గత రెండొందల ఏళ్లలో మనిషి బతుకుని నిజంగా మార్చినవి కరెంటు, కంప్యూటర్ రెండేనట, మిగతావన్నీ వాటి వెనకాల వచ్చినవేనట. నేను కాదన్నాను. సరే ఒక్క ఉదాహరణ చెప్పు అంటే నా నోట్లోంచి "ఆవిరి యంత్రం" తప్ప ఇంకేమీ రాలేదు, అది కూడా స్కూల్లో బట్టీ పట్టింది కాబట్టి. వాడు నవ్వాడు.

బాగా నడుస్తున్నంతకాలం ఎవరికీ గుర్తురాకుండా, ఆగిపోతే మాత్రం కొంప ముంచేది ఒకటి చెప్పండి. ఫోన్, ఇంటర్నెట్ వద్దు. ఊరికే పేరు పడేసి వెళ్లిపోకుండా అది రాకముందు ఎలా ఉండేదో, అసలు ఎలా పని చేస్తుందో కూడా రాయండి, వాడికి చదివి వినిపించాలి.

గ్రౌండ్‌ఫ్లోర్

నేను లిఫ్ట్ మెయింటెనెన్స్‌లో పని చేస్తాను కాబట్టి నా ఓటు ఎటో మీకు తెలిసిపోతుంది. కానీ నేను చెప్పేది లిఫ్ట్ గురించి కాదండి, అది పడిపోకుండా ఆపే బ్రేక్ గురించి.

తాడు కట్టి బరువులు పైకి లాగడం వేల ఏళ్ల నుంచీ ఉన్నదే. మనుషులు మాత్రం ఎక్కడానికి భయపడేవాళ్లు, తాడు తెగితే అంతే సంగతులు కదా. 1854లో ఎలీషా ఓటిస్ అనే మెకానిక్ న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో తనే ఒక ప్లాట్‌ఫారం ఎక్కి పైకి వెళ్లి, కింద జనం నోళ్లు తెరుచుకుని చూస్తుండగా తాడు నరికించాడు. ప్లాట్‌ఫారం కొద్దిగా జారి ఆగిపోయింది. లోపలి కిటుకు చూస్తే చాలా చిన్నది. తాడుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య బండికి వేసే లాంటి బద్ద స్ప్రింగు పెట్టాడు. బరువు వేలాడుతున్నంతసేపు ఆ స్ప్రింగు వంగి ఉంటుంది, తాడు తెగగానే విచ్చుకుని రెండు పక్కలా ఉన్న పళ్ల పట్టాల్లో ఇరుక్కుంటుంది. ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు, తాడు తెగడమే బ్రేక్ వేస్తుంది.

ఇప్పటి లిఫ్టుల్లో ఆ పని గవర్నర్ చేస్తుంది. అదొక చక్రం, లిఫ్ట్‌తో పాటే తిరుగుతుంటుంది, వేగం హద్దు దాటితే పట్టేసుకుని కింద ఉన్న దవడల్ని గైడ్ రెయిల్ (లిఫ్ట్ పక్కన నిలువునా ఉండే పట్టా) మీదకి లాగుతుంది. పైగా తాళ్లు కూడా ఒకటి కాదు, చాలావాటికి నాలుగైదు ఉంటాయి. సినిమాల్లో తాడు తెగి లిఫ్ట్ పాతాళానికి పోయే సీను వచ్చినప్పుడల్లా మా ఇంట్లోవాళ్లు నా మొహం చూస్తారు.

లిఫ్టులు రాకముందు పై అంతస్తు అంటే పనివాళ్లకీ, లేనివాళ్లకీ ఇచ్చే గది, మెట్లెక్కాలి కాబట్టి అద్దె తక్కువ. ఇప్పుడు అదే అందరికంటే ఖరీదు. ఎత్తైన బిల్డింగులకి ఉక్కు ఫ్రేము కూడా కావాల్సొచ్చిందనుకోండి, కానీ ఎక్కేవాడే లేకపోతే ఉక్కుతో ఎంత ఎత్తు కట్టి ఏం లాభం.

చెంబునీళ్లు

వాష్‌బేసిన్ కింద వంపు తిరిగి ఉండే గొట్టం. ప్లంబర్లు ట్రాప్ అంటారు.

అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు 1775లో ఎస్ ఆకారం వంపుతో ఫ్లష్ టాయిలెట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి, మురుగు గ్యాసు ఇంట్లోకి రాకుండా ఆపేది అవే. అంతకుముందు ఇంటి గొట్టం నేరుగా మురుగుగుంతలోకి తెరుచుకుని ఉండేది. టాయిలెట్ ఇంట్లోకి రాగలిగింది ఈ వంపు వల్లే. కదిలే పార్టు ఒక్కటి కూడా లేదు. కరెంటు కూడా అక్కర్లేదు, మీ బావమరిదికి చెప్పండి.

వాడని బాత్‌రూంలో వాసన వస్తుంటే ప్లంబర్‌ని పిలిచే ముందు ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. వంపులో నీళ్లు ఎండిపోయి ఉంటాయి, చాలాసార్లు అంతే.

యూరియాబస్తా

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? నేనైతే అమ్మోనియా ప్లాంటు అంటాను, పంటకి వేసే నైట్రోజన్ ఎరువు తయారయ్యేది ఆ అమ్మోనియాతోనే. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

గాలిలో 78 శాతం నైట్రోజనే. కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు, ఎందుకంటే గాలిలో నైట్రోజన్ పరమాణువులు రెండేసి జతగా ఉంటాయి, వాటి మధ్య మూడు బంధాలు, విడదీయడం చాలా కష్టం. పిడుగులూ, కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ పని చేస్తాయి, మనిషికి చేతకాలేదు. అందుకని 19వ శతాబ్దంలో ఐరోపా వాళ్లు పెరూ దీవుల్లోంచి పక్షుల రెట్ట, తర్వాత చిలీ ఎడారిలోంచి నైట్రేటు ఓడల్లో తెచ్చుకుని పొలాల్లో వేసేవాళ్లు. ఇలాగే పోతే గోధుమలు చాలని రోజు వస్తుందని 1898లో విలియం క్రూక్స్ అనే కెమిస్టు సభలోనే హెచ్చరించాడు.

1909లో ఫ్రిట్జ్ హేబర్ నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చుక్కలు రాల్చి చూపించాడు. పేరంతా ఆయనకే వచ్చింది గానీ నాకు అసలు మజా అనిపించేది తర్వాతి కథ. టేబుల్ మీద చేసినదాన్ని ఫ్యాక్టరీ చెయ్యాల్సిన పని కార్ల్ బోష్ మీద పడింది. 500 డిగ్రీలకి దగ్గర వేడి, రెండొందల అట్మాస్ఫియర్ల ఒత్తిడి, అంత ఒత్తిడిలో నెలల తరబడి నడిచే యంత్రం అప్పటికి లేదు. ఉక్కు గొట్టాలు చేయించి పెడితే కొన్ని రోజులకే పగిలిపోయాయి. కోసి చూస్తే తేలింది, వేడి హైడ్రోజన్ ఉక్కులోకి చొచ్చుకుపోయి అందులోని కార్బన్‌ని తినేస్తోంది, కార్బన్ పోతే ఉక్కుకి బలం ఎక్కడిది? బోష్ ఏం చేశాడంటే గొట్టంలో గొట్టం పెట్టాడు. లోపల కార్బన్ లేని మెత్తటి ఇనుము, దాన్ని హైడ్రోజన్ ఏమీ చెయ్యలేదు, బయట బలమైన ఉక్కు. లోపలి పొరలోంచి కారి వచ్చే కాస్త హైడ్రోజన్ ఉక్కుని పట్టుకోకుండా బయటికి పోవడానికి ఉక్కుకి సన్నటి బెజ్జాలు వేయించాడు. ఒత్తిడిని తట్టుకోవాల్సిన గొట్టానికి బెజ్జాలు వెయ్యమని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో చూడండి. 1913లో జర్మనీలోని ఓపావ్‌లో ప్లాంటు నడిచింది.

ఈరోజు ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఈ పద్ధతిలో తయారైన ఎరువు మీదే ఆధారపడి ఉందని లెక్కలు వేస్తారు. మన ఒంట్లో ఉన్న నైట్రోజన్‌లో కూడా చాలా భాగం ఏదో ఒక ప్లాంటులోంచి వచ్చిందే.

పాతకాపు

@యూరియాబస్తా, బాగా రాశారు గానీ సగం కథ వదిలేశారు. అదే హేబర్ 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో క్లోరిన్ గ్యాసు వదిలించాడు, దగ్గరుండి మరీ. అదే అమ్మోనియాతో నైట్రిక్ యాసిడ్ చేసి, దాంతో పేలుడు పదార్థాలు చేశారు. చిలీ నుంచి ఓడలు రాకపోయినా జర్మనీ అన్నేళ్లు యుద్ధం చెయ్యగలిగిందంటే దీని వల్ల కూడా. వరం అని పాడే ముందు ఇది కూడా చెప్పాలి కదా.

యూరియాబస్తా

@పాతకాపు గారూ, ఒప్పుకుంటాను, ఇంకోటి కూడా కలుపుకోండి. 1921లో అదే ఓపావ్ ఫ్యాక్టరీలో గడ్డకట్టిన ఎరువు కుప్పని వదులు చెయ్యడానికి డైనమైట్ పెడితే మొత్తం పేలి 500 మందికి పైగా చనిపోయారు. పొలాల్లోంచి కొట్టుకుపోయిన నైట్రోజన్ వల్ల చెరువులూ సముద్రం అంచులూ నాచు పట్టిపోవడం సరేసరి. కానీ ఆయన అడిగింది ఏది మంచిది అని కాదండీ, ఏది ఆగితే కొంప మునుగుతుంది అని. ఆ లెక్కలో నా ఓటు మారదు.

ఓడరేవుకాకి

కంటైనర్. రేకు పెట్టె, అంతే.

అది రాకముందు సరుకు ఎక్కించడం అంటే బస్తా బస్తా, పీపా పీపా మనుషులు మొయ్యాలి. ఓడ సముద్రం మీద ఎన్ని రోజులుంటుందో రేవులో కూడా ఇంచుమించు అన్ని రోజులు పడి ఉండేది, దారిలో దొంగతనాలు వేరే. మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే పాత ట్యాంకర్ ఓడ మీద 58 పెట్టెలు పెట్టి నెవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. మామూలుగా టన్ను ఎక్కించడానికి 5.86 డాలర్లు అయ్యేది, ఇలా చేస్తే సుమారు 16 సెంట్లు తేలింది. ఇంతకంటే చెప్పడానికేముంది?

ఉంది, ఒకటి ఉంది. పెట్టె ఎవడైనా చేస్తాడు, మూలల్లో ఉండే బెజ్జాలూ, వాటిలో దూరి తిరిగి లాక్ అయ్యే ట్విస్ట్‌లాకూ అసలు సంగతి. మెక్‌లీన్ కంపెనీ ఆ పేటెంట్ హక్కులు వదులుకుంది కాబట్టే 1960ల్లో అందరికీ ఒకే కొలత కుదిరింది. ఇప్పుడు పెద్ద ఓడలు 20 అడుగుల లెక్కలో 24,000 పెట్టెలకు పైగా మోస్తాయి. రేవుల్లో మూటలు మోసి బతికిన లక్షల మంది పని పోయిందన్నది కూడా నిజమే, పాతకాపు గారు అడక్కముందే చెప్పేస్తున్నా.

నట్టుబోల్టు

అన్నీ చదివాను. బ్రేకు, గొట్టం, పెట్టె, అన్నీ బాగున్నాయి, కానీ అవన్నీ దేనితో బిగించారో ఎవరూ చెప్పలేదు.

1840 ప్రాంతం దాకా ఏ వర్క్‌షాపు థ్రెడ్ (బోల్టు మీద చుట్లు చుట్లుగా ఉండే గాడి) దానిదే. ఒక బోల్టుకి దాని నట్టే పట్టేది, పక్క షాపులోది పట్టేది కాదు. మిషన్ విప్పితే ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకోవాలి, ఒకటి పోతే కొత్తది చేయించుకోవడమే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండ్‌లోని వర్క్‌షాపుల బోల్టులు పోగేసి కొలిచి, సగటు తీసి, థ్రెడ్ కోణం 55 డిగ్రీలు, ఫలానా సైజుకి అంగుళానికి ఇన్ని చుట్లు అని ఒక పట్టిక ఇచ్చాడు. రైల్వేలు పట్టుకున్నాయి, ఇక అదే నిలబడిపోయింది. అమెరికావాళ్లు 1864లో విలియం సెల్లర్స్ చెప్పిన 60 డిగ్రీలకి పోయారు. ఐదు డిగ్రీలే కదా అనిపిస్తుంది, రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన ఉన్న రెండు సైన్యాలు ఒకరి బోల్టు ఒకరికి పట్టక నానా తిప్పలు పడ్డాయి.

ఇంకా దారుణం 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ అగ్నిప్రమాదం. వాషింగ్టన్ నుంచి, ఫిలడెల్ఫియా నుంచి ఫైరింజన్లు వచ్చాయి, నీళ్లున్నాయి, మనుషులున్నారు, తీరా చూస్తే చాలా గొట్టాలకీ అక్కడి హైడ్రంట్లకీ (ఫైరింజన్లు నీళ్లు పట్టుకునే వీధి కుళాయిలు) థ్రెడ్ కలవలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. కలవకపోవడం ఒక్కటే కారణం అనను, గాలి కూడా తోడైంది. కానీ గొట్టం చేత్తో పట్టుకుని మంట చూస్తూ నిలబడ్డవాళ్లని తలుచుకుంటే నాకిప్పటికీ ఏదోలా ఉంటుంది.

అందుకే కంటైనర్ గురించి ఓడరేవుకాకి రాసిన చివరి పేరా నాకు బాగా నచ్చింది. అదీ ఇదే కథ.

సందేహాలరావు

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ బావమరిదికి చదివి వినిపించాను. కంటైనర్ దగ్గర "క్రేను దేంతో నడుస్తుంది, కరెంటే కదా" అన్నాడు. అమ్మోనియా దగ్గర కాసేపు మాట్లాడలేదు, తర్వాత "1913 అంటే అప్పటికి కరెంటుందిగా" అన్నాడు. నట్టుబోల్టు గారిది మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు, ఓడిపోయానని అయితే అనలేదు, అనడు కూడా.

@చెంబునీళ్లు, మా మేడ మీద బాత్‌రూంలో మూడు నెలలుగా వాసన. మగ్గు నీళ్లు పోశాను, పోయింది. ఇన్నాళ్లూ గొట్టం ఎక్కడో పగిలిందని టెన్షన్ పడ్డాను.

చెంబునీళ్లు

వాడకపోతే రెండు మూడు వారాలకోసారి మళ్లీ పొయ్యండి. నీళ్ల మీద ఒక చెంచా వంటనూనె వేస్తే తొందరగా ఎండవు.