హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి సామాన్లు తడిసి ముద్దయి వచ్చాయి, డబ్బులు రాబట్టే దారుందా?

మధురవాడ_కొత్తకాపురం:
నిజాంపేట నుంచి మధురవాడకి ఇల్లు మారాం. ప్యాకర్స్ వాళ్లు ఇంటికొచ్చి చూసుకుని, "మొత్తం ఒకే బండి మేడమ్, మధ్యలో దించేది లేదు" అని ఒట్టేసినంత పని చేశారు. ఇన్సూరెన్స్ అంటూ సామాను విలువలో 3 శాతం తీసుకున్నారు. పాలసీ కాగితం మాత్రం ఇవ్వలేదు.

పొద్దున్నే బండి వెనకే కార్లో బయల్దేరాం. మావారు, నేను, ఒళ్లో తులసి కుండీతో అత్తయ్యగారు. పంతంగి టోల్ దాటాక బండి కనిపిస్తే ఒట్టు. విజయవాడలో భోజనానికి ఆగి డ్రైవర్‌కి ఫోన్ చేస్తే, "ఏలూరు దాటేశానమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ స్విచ్ఛాఫ్. రావులపాలెం దగ్గర మొదలైన వాన తుని దాకా వదల్లేదు. అన్నవరం దాటాక టైరు పంచరు. స్టెప్నీ డిక్కీ అడుగున, దాని మీద మిక్సీ, పప్పుల డబ్బాలు, దేవుడి పటాలు. అవన్నీ రోడ్డు పక్కన దించి, వాటికి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ప్రసాదానికి ఆగలేదు కాబట్టే ఇలా అయిందని అత్తయ్యగారు ఇప్పటికీ అంటున్నారు.

బండి మర్నాడు సాయంత్రం వచ్చింది. నంబరు వేరు, డ్రైవర్ వేరు. "విజయవాడ గోడౌన్‌లో మార్చారండి, నాకేం తెలీదు" అన్నాడు. బరకం సగానికే కప్పి ఉంది. పైగా వెయిటింగ్ చార్జి 9,000 కడితేగాని తాళ్లు విప్పనన్నాడు. రాత్రి పడుకోవడానికి చాప కూడా లేదు, కట్టేశాం.

ఆవకాయ జాడీని పడుకోబెట్టి పరుపులో చుట్టారు. వాసెన గుడ్డ ఊడి, నూనె, కారం, వాన నీళ్లు కలిసి పరుపంతా ఎర్రగా దిగింది. పరుపు నొక్కితే ఊట వస్తోంది. ఫ్రిజ్‌ని అడ్డంగా పడుకోబెట్టి తెచ్చారు. బీరువా తలుపు సొట్ట.

ఆఫీసుకి ఫోన్ చేస్తే "వాన మా చేతుల్లో ఉందా మేడమ్" అంటున్నారు. ఏం చేయాలి?

పాత_బుకింగ్_గుమస్తా:
వాన వాళ్ల చేతుల్లో లేదు, బరకం ఉంది కదమ్మా. ముందు పాలసీ నంబరు ఇవ్వమని వాట్సాప్‌లో రాసి అడగండి. ఫోన్లో మాట్లాడొద్దు, రేపు మేం అనలేదంటారు. నంబరు లేదంటే ఆ 3 శాతం ఏ కంపెనీకీ కట్టలేదనే అనుకోవాలి. మా లైన్లో ఇది మామూలే.

రెండోది, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం కోర్టుకు వెళ్లే ముందు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కన్స్యూమర్ కేసు మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. ముందుగా కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. రెండో లారీ నంబరు ఫోటో తీశారా?

బేరం_బాబ్జీ:
తక్కువకి వచ్చాడని బుక్ చేస్తే ఇంతేనండి.

మధురవాడ_కొత్తకాపురం:
బాబ్జీ గారూ, అడిగిన ముగ్గురిలో వీళ్లే ఎక్కువ చెప్పారు. ఒకే బండి అన్నారనే ఇచ్చాం.
గుమస్తా గారూ, నంబరు ప్లేటు ఫోటో ఉంది. బరకం కూడా పడింది అందులో.

పెందుర్తి_పిన్ని:
కేసు సంగతి తర్వాత చూద్దువు గానీ తల్లీ, ఫ్రిజ్ ప్లగ్గు పెట్టేశావేటి? అడ్డంగా వచ్చిన దాన్ని నిలబెట్టి ఒక పూటైనా వదిలెయ్యాలి. కంప్రెసర్‌లోని ఆయిల్ కిందికి దిగాలి కదా. పరుపు మీద ఆశ వదులుకో. సముద్రం గాలికి ఇక్కడ మంచి పరుపులే చెమ్మ పడతాయి, అది ఆరదు. పారేసే ముందు ఫోటోలు తీసుకో, కేసుకి పనికొస్తాయి. చెక్క సామాను ఎండలో పెట్టకు, పగుళ్లిస్తుంది. నీడలో ఫ్యాను గాలికి ఆరనీ.

ఇంకోసారి కారులో వస్తే అనకాపల్లి దగ్గర సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం రోడ్డు పట్టుకోండి. మధురవాడకి గాజువాక ట్రాఫిక్‌లో పడి రానక్కర్లేదు.

మధురవాడ_కొత్తకాపురం:
ఫ్రిజ్ ఇంకా పెట్టలేదు పిన్నిగారూ, బతికించారు. గాజువాక మీదుగానే వచ్చాం, ఎన్.ఏ.డి. దగ్గర దారి తప్పాం కూడా, అది రాయలేదంతే.

పాలసీ నంబరు అడిగితే "సార్ ఊళ్లో లేరు" అని జవాబొచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను. నోటీసు మావారు రాస్తున్నారు. అందులో ఆవకాయ ఖరీదు ఎంత వేయాలో అత్తయ్యగారితో తెగడం లేదు.