అలాస్కాలో వెయ్యి కోట్ల పీతలు మాయమయ్యాయట, నిజమేనా?

మండపీత_కాట్రేనికోన అడుగుతున్నారు:

అందరికీ నమస్కారమండి. మడ అడవిని ఆనుకుని ఎకరంన్నర చెరువులో పీతలు మేపుతాను. కండ లేని గుల్లపీతలు కొని, నెలా నెలన్నర మేత వేసి, బరువెక్కాక అమ్మడం నా పని. మొన్న మా దగ్గర సరుకు ఎత్తే ఏజెంటు ఒక మాట అన్నాడు. అలాస్కా పక్కన ప్రిబిలోఫ్ అనే దీవులున్నాయట, అక్కడి సముద్రంలో వెయ్యి కోట్ల పీతలు మాయమైపోయి వేట ఆపేశారట. "ఇక మన పీతకి రేటే రేటు, పక్కనున్న చెరువు కూడా లీజుకి తీసేసుకో" అని ఒకటే పోరు.

ఫోన్లో వెతికితే ఇంగ్లీషులో ఏదేదో వచ్చింది, సగం అర్థం కాలేదు. అన్ని పీతలు వలస పోయాయా, చచ్చాయా? అసలు ఆ దీవుల్లో మనుషులుంటారా? మన నరసాపురం, అంతర్వేది వైపు నుంచి ఓడల్లో చేసినవాళ్లు చాలామంది ఉన్నారు కదా, ఎవరైనా అటు వెళ్లారేమోనని అడుగుతున్నాను. లీజు సంగతి ఈ వారంలో తేల్చాలి, అదో టెన్షన్.

యానాం_గాలి:

వెయ్యి కోట్లు లెక్కపెట్టినవాడికి దండం పెట్టాలన్నా. మా బాబాయి ఐస్ డబ్బాలో ముప్పై పీతలు లెక్కపెట్టడానికే రెండుసార్లు తప్పుతాడు.

అంతర్వేది_రీఫర్:

లెక్కపెట్టే పద్ధతి ఉంది తమ్ముడూ, నవ్వకు. అక్కడ సముద్రాన్ని గళ్లు గళ్లుగా విడగొట్టి, వేసవి వచ్చిందంటే ప్రభుత్వ సర్వే పడవలు అవే చోట్ల అడుగు వల లాగుతాయి. పడ్డదాన్నిబట్టి మొత్తం ఎంతుందో అంచనా కడతారు. 2018లో పీత కుప్పలు తెప్పలు. 2020లో కోవిడ్ వల్ల సర్వే లేదు. 2021లో లాగితే వలలో పీత లేదు.

నేను రీఫర్ ఓడల్లో ఇంజన్ రూము మనిషిని, చల్లటి హోల్డులు చూసుకునే పని. ఆ దీవుల దగ్గర రెండుసార్లు లంగరేశాం. 2016 జూలైలో ఒకసారి, 2019 ఫిబ్రవరిలో ఒకసారి. తెలిసింది చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు చోటు చెప్పాలి. రష్యాకీ అలాస్కాకీ మధ్య బేరింగ్ సముద్రం. అందులో సెయింట్ పాల్, సెయింట్ జార్జ్ అని రెండు దీవులు, వాటి పక్కన ఇంకో రెండు మూడు చిన్న తిప్పలు. అలాస్కా ప్రధాన భూభాగం దాదాపు 480 కిలోమీటర్లు, యాంకరేజ్ నగరమైతే 1,200 కిలోమీటర్ల పైమాటే. అన్నీ కలిపినా 200 చదరపు కిలోమీటర్లు ఉంటాయంతే. మన లంకల్లా ఒండ్రు మేటేసి పుట్టినవి కావు, అగ్నిపర్వతం కక్కిన రాయి. రోడ్లకి కూడా ఆ ఎర్రటి లావా గులకే పోస్తారు. చెట్టు అనేది లేదు. కొబ్బరిచెట్టు లేని ఆకాశం చూస్తే నాకు ఇల్లు కూలిపోయిన స్థలం చూసినట్టు అనిపించింది. వేసవిలో 10 డిగ్రీలుంటే అక్కడివాళ్లు చొక్కా చేతులు మడుస్తారు.

2016లో పొలాక్ చేప బ్లాకులు ఎక్కించుకోవడానికి సెయింట్ పాల్ దగ్గర గాలి చాటున ఆగాం. పొగమంచు ఎంత దట్టమంటే ఓడ ముందు భాగం వెనకనుంచి కనపడదు. తెల్లవారుజామున డెక్ మీదికొచ్చేసరికి సంతలో గొర్రెల మంద అరిచినట్టు ఒకటే అరుపులు. మధ్యలో ఎవరో ఖాళీ డ్రమ్ము బోర్లించి కొట్టినట్టు లావు గొంతులు. ఆ వెంటే వాసన, ఎండుచేపల కళ్లంలో వాన పడ్డాక వచ్చే వాసన. నేల కనపడదు గానీ నేల ఉందని చెవికీ ముక్కుకీ తెలుస్తోంది. అవన్నీ ఫర్ సీళ్లు, ఒంటినిండా మెత్తటి బొచ్చుండే సముద్ర జంతువులు.

మే నెలలో మగవి ముందొచ్చి ఒడ్డున రాళ్ల మీద చోటు పట్టుకుంటాయి. బాగా పెద్దదైతే 250 కేజీలు దాటుతుంది. చోటు పోతుందేమోనని రెండు నెలలు తిండి మానేసి అక్కడే పడుంటాయి. ఆడవి జూన్, జూలైల్లో వచ్చి ఈనతాయి. తల్లి వారం వారం సముద్రానికి వేటకి పోయి తిరిగొచ్చి, వేల పిల్లల్లో తన పిల్లని గొంతునిబట్టే పట్టుకుంటుంది. ప్రపంచంలో ఈ రకం సీళ్లలో సగం దాకా ఈ రెండు దీవుల మీదే పిల్లలు పెడతాయి. ఎక్కడెక్కడో తిరిగి, పుట్టిన ఒడ్డుకే ఎక్కువగా వస్తాయి. మన పులస సముద్రంలోంచి గోదాట్లోకి ఎదురెక్కినట్టే అనుకోండి.

ఆ ట్రిప్పులోనే మా ఆయిలర్ కుర్రాడి వేళ్లు పంపు కప్లింగులో నలిగితే క్లినిక్కి తీసుకెళ్లే పని నాకు పడింది. పడవ దిగగానే గట్టు పొడవునా ఎలకబోనులు. ఓడలో ఎలక ఉంటే అక్కడ రేవు గడప తొక్కనివ్వరు. ఒక్క చూలు ఎలక దిగినా కొండచరియల్లో గుడ్లు పెట్టే పక్షుల పని అయిపోతుందని భయం. కుక్కల్ని కూడా సీళ్ల కోసమే రానివ్వరు. ఊళ్లో ఉన్న జంతువల్లా నక్కే. కుక్కల బదులు చెత్తకుండీల దగ్గర అవే తిరుగుతున్నాయి.

క్లినిక్ నుంచి మమ్మల్ని రేవుకి వ్యానులో దింపినాయన పక్కన వాళ్లమ్మ కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్లు అంది. వాళ్లు ఉనంగన్ జనం, బయటివాళ్లు అల్యూట్‌లంటారు. మాది ఏ దేశం, ఏ ఊరు అని అడిగి, తన దీవికి తమ భాషలో ఉన్న పేరు చెప్పింది. ఆ పేరుకి అర్థం "అమ్మ తోడబుట్టినవాడి నేల". నేను వెంటనే "మేనమామ!" అన్నాను. ఆవిడకి ఆ తెలుగు మాట తెగ నచ్చి రేవు దాకా నాలుగుసార్లు అనిపించుకుంది.

కథేంటంటే, దక్షిణాన అల్యూషియన్ దీవుల్లో ఒక పెద్దమనిషి కొడుకు తోలు పడవలో తుపానులో చిక్కుకుని, పొగమంచులో దారి తప్పి, సీళ్ల అరుపులు విని ఇక్కడికి చేరాడట. రష్యావాడు గవ్రీల్ ప్రిబిలోఫ్ 1786లో ఈ దీవుల్ని కనిపెట్టాడని పుస్తకాల్లో ఉంటుంది. పేరు ఆయనది, తోవ మాత్రం మేనల్లుడిదే. రష్యన్లు చేసిన పని ఏంటంటే, ఉనంగన్లని వాళ్ల ఊళ్లనుంచి పట్టుకొచ్చి సీళ్లని చంపించడానికి ఇక్కడ పెట్టారు. ఆ తోలుకి అంత డబ్బు. 1867లో అమెరికా అలాస్కాని కొన్నాక యజమాని మారాడు, పని మారలేదు. చాలాకాలం కూలి డబ్బుగా కాక సరుకుగానే ఇచ్చారు. సముద్రంలో తల్లుల్ని కాల్చేస్తుంటే సీళ్లు తరిగిపోయి, 1911లో అమెరికా, రష్యా, జపాన్, బ్రిటన్ కలిసి ఆ వేట ఆపే ఒప్పందం చేసుకున్నాయి. ఒడ్డున వ్యాపారంగా చంపడం 1980ల దాకా సాగింది.

ఆవిడ ఇంకోటి కూడా చెప్పింది, రోడ్డు వైపే చూస్తూ. 1942లో జపాన్ వాళ్లు అల్యూషియన్ల మీద బాంబులేశాక, ఈ రెండు దీవుల జనాన్నీ మనిషికో సంచితో ఓడెక్కించి దూరంగా ఫంటర్ బే అనే చోట పాడుబడ్డ చేపల ఫ్యాక్టరీలో, పాత బంగారు గనిలో పడేశారు. తనకప్పుడు నాలుగేళ్లు. మంచినీళ్లు సరిగా లేవు, జబ్బులు. అలా తరలించిన ఉనంగన్లలో పదిమందిలో ఒకరు తిరిగి రాలేదు. 1943 వేసవిలో మగవాళ్లని మాత్రం వెనక్కి తెచ్చారు, దేనికనుకున్నారు? సీళ్లని చంపడానికి. మిగతావాళ్లు 1944లో వచ్చారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 1988లో.

ఇప్పుడు జనం 2020 లెక్కల ప్రకారం సెయింట్ పాల్లో 413, సెయింట్ జార్జ్‌లో 67. మా వీధి పెళ్లికి ఇంతకంటే ఎక్కువ విస్తళ్లు లేస్తాయి. 1907లో కట్టిన రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఉంది, చాలామందికి రష్యన్ ఇంటిపేర్లు.

ఇక పీత. సీళ్ల పని ఆగాక రేవు కట్టుకుని పీత ప్లాంటు మీద నిలబడ్డారు. వేట మూతపడకముందు ఊరి పన్నుల్లో చాలా భాగం అదే ఉండేది. 2019 ఫిబ్రవరిలో మేం వెళ్లింది పీత సరుకుకే. సముద్రపు మంచుగడ్డ ఉత్తరంనుంచి దిగొస్తుందని మా కెప్టెన్ రాత్రిళ్లు నిద్రపోలేదు. గడ్డ రానే లేదు. ఆ నీళ్లలో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు "ఇది ఫిబ్రవరి లాగా లేదు" అన్నారు. మాకైతే హాయిగానే ఉంది, అప్పుడు ఎవరికి తెలుసు?

ఆ గడ్డే అసలు సంగతి. చలికాలంలో గడ్డ కడితే సముద్రం అడుగున 2 డిగ్రీల లోపు చల్లటి నీటి మడుగు ఒకటి వేసవిలో కూడా నిలుస్తుంది. మాయమైన ఆ రకం పీత పేరు స్నో క్రాబ్, వాటి పిల్లలు అందులోనే పెరుగుతాయి. వాటిని తినే కాడ్ చేపకి ఆ చలి పడదు, లోపలికి రాదు. 2018, 2019 రెండేళ్లూ గడ్డ దాదాపు లేదు, మడుగూ దాదాపు లేదు. నీళ్లు వేడెక్కితే పీతకి ఆకలి పెరుగుతుంది, ఉన్నదేమో పూర్వం ఎప్పుడూ లేనంత పీత, మేత మాత్రం అంతే. ఆకలితో పోయాయని 2023లో వచ్చిన పరిశోధన తేల్చింది. వలస పోయిన జాడ కనపడలేదు. 2022 అక్టోబరులో చరిత్రలో మొదటిసారి ఆ వేట మూసేశారు. 2024లో కాస్త తెరిచారు గానీ పాత రోజుల వేటతో పోలిస్తే అది ఒక మూలకి కూడా రాదు.

మండపీత_కాట్రేనికోన:

అన్నయ్యగారూ, ఒళ్లు జలదరించింది. ఇది నా చెరువు కథే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు కాగితే పీత రెట్టింపు తింటుంది. ఒక్కరోజు చిన్నచేప అందకపోతే తెల్లారేసరికి చెరువులో కాళ్లే తేలతాయి, ఒకదాన్నొకటి తినేస్తాయి. పోయినేడు రెండు రోజులు బంద్ అయి మేత రాక ఇరవై కేజీలు పోగొట్టుకున్నాను. సముద్రంలో కూడా ఇంతేనా?

అంతర్వేది_రీఫర్:

కొంత అదీ ఉందంటారు. సీడు మించి పోసిన చెరువు కథ అక్కడ నేల మీద కూడా ఒకటి జరిగింది. 1911లో సెయింట్ పాల్ మీద 25 రెయిన్‌డీర్లని వదిలారు. తినే మృగం ఏదీ లేదు. 1938కి రెండు వేలు దాటాయి. రాతిమీది పాచి అంతా నాకేశాయి. అది మళ్లీ పెరగాలంటే ఏళ్లూ పూళ్లూ. 1950కి మిగిలినవి 8. తర్వాత మళ్లీ తెచ్చి వదిలారు.

లంకమాస్టారు:

రీఫర్ గారు చెప్పనిది ఒకటి ఉంది, సోషల్ మాస్టారిగా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, ఊరుకోలేను. ఈ సెయింట్ పాల్ మీద మామత్‌లు, అంటే ఒంటినిండా బొచ్చుండే పూర్వకాలపు ఏనుగులు, దాదాపు 5,600 ఏళ్ల క్రితం దాకా బతికాయి, అమెరికా ఖండంలో అవి పోయి అప్పటికే ఎన్నో వేల ఏళ్లు. ఒకప్పుడు సముద్రం తక్కువ ఎత్తులో ఉండి ఆసియా, అమెరికా నేలతో కలిసి ఉండేవి. నీరు పెరిగి ఇది దీవిగా మిగిలింది, ఏనుగులు ఇందులో చిక్కాయి. మరి ఎలా పోయాయి? అక్కడ అప్పటికి మనిషి జాడ లేదు. ఒక చెరువు అడుగు మట్టిని గొట్టంతో తీసి పొరలు పొరలుగా చూశారు. దీవి కుంచించుకుపోయి, చెరువులు లోతు తగ్గి, మంచినీరు చాలక పోయాయని 2016లో తేల్చారు. ఉన్న ఒకటి రెండు చెరువుల చుట్టూ మందలు తొక్కి గడ్డి పోగొట్టి ఇంకా బురద చేసుకున్నాయట.

మా పెరటి నుయ్యి మా నాన్నగారి రోజుల్లో కొబ్బరినీళ్లలా ఉండేది. ఇప్పుడు గిన్నెలో కాస్తే అడుగున తెల్లటి చార. కోడలు టిన్ను నీళ్లు కొంటోంది. ఆ ఏనుగుల సంగతి చదివిన రాత్రి లేచి వెళ్లి ఆ నుయ్యిలోకి టార్చి వేసి చూశాను, ఎందుకో.

యానాం_గాలి:

మాస్టారూ, టార్చి వేస్తే ఉప్పు కనపడిందా?

లంకమాస్టారు:

కప్ప కనపడింది నాయనా.

మండపీత_కాట్రేనికోన:

అసలు ప్రశ్నకి రండి బాబూ. లీజు తీసుకోనా, మాననా?

అంతర్వేది_రీఫర్:

నేను వ్యాపారిని కాను గానీ నా హోల్డులో ఏముందో చెప్పగలను. అక్కడి పీత సన్నటి పొడుగు కాళ్లది. ప్లాంటులోనే ఉడకబెట్టి, కాళ్ల గుత్తులుగా విరిచి, గడ్డకట్టించి అట్టపెట్టెల్లో దింపుతారు. మీ మండపీత తాడు కట్టి ప్రాణంతో విమానం ఎక్కుతుంది. అది తినేవాడు వేరు, ఇది కొనేవాడు వేరు. 2022లో అక్కడ వేట ఆగింది కదా, ఆ ఏడు చలికాలం మీ పట్టీల్లో రేటు ఎంత పడిందో తీసి చూసుకోండి, ఏజెంటు మాట తేలిపోతుంది.

మండపీత_కాట్రేనికోన:

పాత పట్టీలు బియ్యం డబ్బాలోంచి తీశాను. ఆ చలికాలం రేటు అంతకుముందు ఏడు కంటే కేజీకి ముప్పై రూపాయలు తక్కువే పడింది. ఏజెంటుకి అదే కాగితం ఫొటో తీసి పెట్టాను. చూశాడు, రెండు నీలం గీతలు వచ్చాయి, ఇంకా ఏమీ అనలేదు. లీజు మానేశాను. ఆ డబ్బుతో చెరువు మీద ఓ మూల నీడకి తాటాకు పందిరి వేయిస్తున్నాను, మే నెల వస్తోంది కదా.

అన్నట్టు రీఫర్ గారూ, ఆ కుర్రాడి వేళ్లు ఏమయ్యాయి?

అంతర్వేది_రీఫర్:

ఉన్నాయి. ఒకటి వంకర. ఇప్పుడు రాజోలులో మోటారు రిపేరు షాపు పెట్టాడు.