ఎల్లప్పుడూ ఆనందించమన్నప్పుడు దిగులుపడటం అవిశ్వాసమేనా?

బెజవాడ విశ్వాసి:
వందనాలు. విజయవాడ గుణదల కొండ మీద మరియమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు. ఆ మూడు రోజులూ కొండంతా పాటలూ ప్రార్థనలే. 12న ఇంట్లో అదే అప్పు, అదే జబ్బు. పండుగతోనే పోయేది అసలు సంతోషమే కాదంటాను. 'ఎల్లప్పుడూ ప్రభువునందు ఆనందించండి' అని ఫిలిప్పీ 4:4లో ఉన్నది ఆజ్ఞ. మనసు బాగున్నప్పుడే పాటిస్తానంటే కుదరదు. దిగులుపడితే విశ్వాసం తగ్గినట్టే.

అరండల్‌పేట పాఠకుడు:
ఆజ్ఞే బ్రదర్, కాదనను. అదే పత్రికలో, అంటే ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన ఉత్తరంలో, 2:27 కూడా చదవండి. జబ్బుపడిన తన జతపనివాడు ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదని పౌలు దాచుకోకుండా రాశాడు. 4:11లో సంతృప్తిని నేర్చుకున్నానంటాడు. నేర్చుకునేది ఒక్క రాత్రి కూడికలో రాదు.
పత్రిక మొత్తం 4 అధ్యాయాలు, 104 వచనాలు. పైకి చదివితే 20 నిమిషాలు చాలు. వారం పాటు రోజూ చదవండి. తర్వాత 4:6 చెప్పినట్టు విన్నపం, కృతజ్ఞత రెండూ కలపండి. నోటుబుక్కులో ఎడమ పేజీలో విన్నపం, కుడి పేజీలో స్తుతి. విన్నపం 'పాప ఫీజు, 20వ తేదీలోపు' అన్నంత స్పష్టంగా ఉండాలి. చాలామంది తడబడేది ఇక్కడే. 'అందరినీ దీవించు ప్రభువా' అని ఆపేస్తే జవాబు వచ్చిందో లేదో తెలియదు, కుడి పేజీ ఖాళీగానే ఉంటుంది.

తెనాలి సిస్టర్:
ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని దేవుణ్ణి అడిగాడు (1 రాజులు 19). దేవదూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, లేపి రెండోసారి తినిపించాడు. దేవుని మాట ఆ తర్వాతే. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, దేనిమీదా మనసు లేక ఉన్నవాళ్లను ఇంకో ఉపవాసం చెయ్యమనకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా ఉపవాసం ఉండటం ప్రమాదం.

బెజవాడ విశ్వాసి:
సిస్టర్, నోటుబుక్కూ డాక్టరూ చాలితే ఇక క్రీస్తు ఎందుకు?

అరండల్‌పేట పాఠకుడు:
యోహాను 15:11లో 'నా సంతోషం' అన్నాడు ప్రభువు. ఇచ్చేది ఆయనే. దొండపాదుకు పందిరి వేస్తాం, కాయలు పందిరికి కాయవు కదా. పందిరి లేకపోతే మాత్రం తీగ నేలమీద పడి కుళ్లుతుంది. సంఘాల్లో ఒకటి మారాలి. సాక్ష్యమంటే, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పడమంటే, గెలుపే చెప్పాలన్న ఒత్తిడి వద్దు. 'ఇంకా జవాబు రాలేదు, ప్రార్థిస్తున్నాను' అన్నవాళ్లనూ ఆదివారం నిలబడనివ్వాలి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా బైబిల్లో ఉంది.

బెజవాడ విశ్వాసి:
దిగులుపడితే అవిశ్వాసమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. దిగులుకు లొంగిపోకూడదన్నది మాత్రం వదలను. 42, 43 కీర్తనల్లో భక్తుడు 'ఎందుకు కుంగిపోయావు, దేవుని మీద ఆశపెట్టుకో' అని తన ప్రాణానికి తానే మూడుసార్లు చెప్పుకున్నాడు.

తెనాలి సిస్టర్:
అవునన్నా, ఒక్కసారికి సరిపోలేదు.