అప్‌డేట్: రెండున్నర లక్షల బడ్జెట్ కారు దొరికింది

అమ్మానాన్నల్ని గాజువాక నుంచి సింహాచలం కొండెక్కించగల సెకండ్ హ్యాండ్ కారు రెండున్నర లక్షల్లో ఏది దొరుకుతుందని అడిగాను కదా. 2015 వ్యాగన్ ఆర్ పెట్రోల్ తీసుకున్నాం. బేరమాడితే రెండు లక్షల ముప్పై వేలకి ఇచ్చారు.

"పై మెరుపు కాదు, కింద చూడండి" అని మీలో ఒకరన్నారు. ఆ మాటే కాపాడింది. బీచ్ రోడ్డు వైపు చూసిన కారు పైకి అద్దంలా ఉంది. మెకానిక్ లిఫ్ట్ ఎక్కించి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఫ్లోర్ రేకు పొరలు పొరలుగా రాలింది. ఉప్పుగాలి మరి! ఏసీ ఎంత చల్లగా ఉన్నా వద్దనేశాం.

మేం కొన్న వ్యాగన్ ఆర్‌కి తుప్పు లేదు. ఇంజిన్ లోపలి భాగాల్ని కలిపి తిప్పేది టైమింగ్ బెల్ట్ కాదు, చైన్, కాబట్టి బెల్ట్ మార్పించే ఖర్చు లేదు. ఆర్‌సీలో పాత లోన్ ఇంకా కనిపిస్తోంది. లోన్ తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్‌సీలోంచి ఆ లోన్ తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బిచ్చాం. బండి మా పేరుకి మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాయి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజులే గడువు, దానికీ అప్లికేషన్ పెట్టేశాం.

రిజిస్ట్రేషన్ 2030 దాకా ఉంది. టైర్లు మాత్రం అరిగాయి. నాలుగూ ఒకేసారి మార్చాలా, ఇప్పటికి రెండు చాలా?