1965 ఎంజీబీ: పాత రేడియో ఉంచాలా, కొత్త సౌండ్ సిస్టమ్ పెట్టాలా?

నైట్‌డ్యూటీ_కోవెంట్రీ
నమస్తే. కోవెంట్రీలో ఉంటాను, ఆస్పత్రి ఉద్యోగం. పోయినేడాది 1965 ఎంజీబీ రోడ్‌స్టర్ (టాప్ దించే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. డాష్‌బోర్డు మధ్యలో రేడియోమొబైల్ కంపెనీ పాత రేడియో సెట్టు ఇంకా ఉంది. అటొక నాబు, ఇటొక నాబు, మధ్యలో ముల్లు. ఆన్ చేస్తే పలుకుతుంది, కానీ వినడానికి ఏముంది? మీడియం వేవ్, లాంగ్ వేవ్ తప్ప ఎఫ్ఎం లేదు. వాటిలోనూ స్టేషన్లు ఒక్కొక్కటే సర్దేసుకుంటున్నాయి. అబ్సల్యూట్ రేడియో 2023 జనవరిలోనే మీడియం వేవ్ మూసేసింది. ఉన్న ఒక్క స్పీకరూ కింద కాళ్ల దగ్గర.

నా ప్లాన్ ఇది: బ్లూటూత్ ఉన్న హెడ్ యూనిట్ (డాష్‌బోర్డులో బిగించే ప్లేయర్), తలుపుల్లో ఆరున్నర అంగుళాల స్పీకర్లు, సీట్ల వెనక చిన్న సబ్‌వూఫర్, దానికో ఆంప్లిఫయర్. డ్యూటీ దిగి ఇంటికెళ్తూ ఘంటసాల పాటలు వినాలి, అదే కోరిక. ఇంట్లో కూడా సరే అన్నారు. మీరేమంటారు?

అబింగ్డన్_భక్తుడు
వద్దు డాక్టరుగారూ. ఎంజీబీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి, అరుదైన బండేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ కాలపు రేడియోతో, కోతపడని తలుపు అట్టలతో మిగిలినవి ఎన్ని కనిపిస్తున్నాయి మీకు? పాత సెట్టు బయటికొస్తే ముందు షెడ్డులోకి, ఆ తర్వాత ఆన్‌లైన్ వేలానికి పోతుంది. బండి ఒక చోట, రేడియో ఒక చోట. పాటలే కావాలంటే ఇంకో కారు లేదా మీకు?

డల్లాస్_మియాటా
అన్నా, బండి నడపడానికా, దండేసి దణ్ణం పెట్టడానికా? నాది 1991 మియాటా. అలాంటి బండ్లలో కొన్నింటికి మాజ్డా వాళ్లే సీటు తలదిండ్లలో స్పీకర్లు పెట్టి అమ్మారు. టాప్ దించి వెళ్తే చెవి పక్కనే పాట. రోడ్‌స్టర్‌లో సంగీతం వినడం పాపం అని కంపెనీవాళ్లే అనుకోలేదు, మనకెందుకు? డాక్టరుగారూ, సెట్టు తీసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. కొత్తది బిగించండి. అమ్మే రోజున మళ్లీ పెట్టెయ్యొచ్చు.

కోఠి_కెపాసిటర్
ఆగండాగండి. బిగించే ముందు ఒక్క మాట. 1965 అన్నారు. బ్యాటరీలో ఏ తీగ బాడీకి బిగించి ఉందో చూశారా?

ఎంజీబీలో 1967 చివరిదాకా పాజిటివ్ ఎర్త్. అంటే బండి ఇనుమంతా ప్లస్. ఇప్పటి రేడియోల డబ్బా మైనస్. ఆ డబ్బా డాష్‌బోర్డు రేకుకి తాకిందా, షార్ట్. తాకకుండా రబ్బరు పెట్టి బిగించినా ఏరియల్ తీగ పైనున్న జాలీ బాడీకి తగులుతుంది, మళ్లీ అదే కథ. కుర్రతనంలో కోఠిలో రేడియోలు రిపేరు చేసేవాణ్ణి. మోరిస్ మైనర్లూ పాజిటివ్ ఎర్తే. ఒకాయన విదేశం నుంచి తెచ్చిన క్యాసెట్ ప్లేయర్ అలాంటి బండిలో పెట్టమని ఇచ్చాడు. నేను చూసుకోకుండా కలిపాను. వాసన ముందు, పొగ తర్వాత. మూడు నెలల జీతం పోయింది. తప్పు నాదే, అందుకే ముందు చెప్తున్నా.

ఫోన్ చార్జరు కూడా సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టకండి. మధ్య పిన్నుకి ప్లస్ వస్తుందని అది అనుకుంటుంది, మీ బండిలో వచ్చేది మైనస్.

నైట్‌డ్యూటీ_కోవెంట్రీ
ఇప్పుడే చూసొచ్చాను సార్. సీట్ల వెనక మూత తీస్తే రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు. ప్లస్ తీగే బాడీకి ఉంది. పొద్దున్నే మీ మాట చదవడం మంచిదైంది, రేపు షాపుకి వెళ్లాల్సింది.

మరి నెగటివ్‌కి మార్చేస్తే?

కోఠి_కెపాసిటర్
మారుతుంది, చాలామంది మార్చారు. బ్యాటరీ తీగలు తిరగేయాలి, ఇగ్నిషన్ కాయిల్ మీద రెండు తీగలు మార్చాలి, డైనమో ఫీల్డ్ టెర్మినల్‌కి బ్యాటరీ లైవ్ తీగ ఒక్క క్షణం తాకించి దానికి ప్లస్-మైనస్‌ల కొత్త దిక్కు నేర్పాలి. ఆర్‌పీఎం మీటరు మాత్రం విప్పి లోపల మార్చాలి, అది దిక్కు చూసుకునే రకం. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించి ఉంటే అదీ పనికిరాదు.

కానీ మీ అసలు చిక్కు దిక్కు కాదు, కరెంటు. ఆ డైనమో గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. నవంబరు వాన, రాత్రి, ఇంటికెళ్తున్నారనుకోండి. హెడ్‌లైట్లు, వెనక లైట్లు కలిపి దాదాపు పది. ఇగ్నిషన్, పెట్రోలు పంపు కలిపి అయిదు దాకా. వైపర్లకు, హీటరు ఫ్యానుకు ఇంకో అయిదారు. కూడుకోండి, మీకు మిగిలేది ఒకటో రెండో. మీరు కొనబోయే ఆంప్లిఫయర్ ఫ్యూజు ఎంతో పెట్టె మీద చూడండి, 25 అని ఉంటే ఆశ్చర్యపోను. పైగా సిగ్నల్ దగ్గర ఆగితే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. డాష్‌బోర్డులో ఆ చార్జింగ్ ఎర్రలైటు వెలిగేది అందుకే.

డల్లాస్_మియాటా
సార్, డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టేస్తే పోలా? అది నెమ్మదిగా తిరిగినా కరెంటిస్తుంది. 1967 తర్వాతి ఎంజీబీలకు ఫ్యాక్టరీయే పెట్టింది కదా.

అబింగ్డన్_భక్తుడు
ఇదే నేను భయపడింది. రేడియో కోసం దిక్కు మార్చాలి, దిక్కు కోసం మీటరు విప్పాలి, సబ్‌వూఫర్ కోసం డైనమో పీకాలి. కౌపీన సంరక్షణార్థం కథ విన్నారుగా? పిల్లి, ఆవు, చివరికి సంసారం.

లక్ష్మి_లెస్టర్
నాది 1972 ఎంజీబీ జీటీ. నెగటివ్ ఎర్త్, ఆల్టర్నేటర్, కరెంటుకి లోటు లేదు. అయినా తలుపులు కోసినందుకు ఇప్పటికీ తిట్టుకుంటున్నా. షాపువాళ్లు చక్కగా గుండ్రంగా కోశారు, స్పీకరు బిగించారు, పాట వేసి వినిపించారు. ఇంటికొచ్చి కిటికీ దించితే సగంలో టక్‌మని ఆగింది. అద్దం స్పీకరు అయస్కాంతానికి కొట్టుకుంటోంది! కింద రింగు వేసి ముందుకి జరిపారు. ఇప్పుడు మావారి మోకాలికి తగులుతోంది. పాత రంగుకి సరిపోయే అట్టల కోసం రెండేళ్లు తిరిగాను.

భక్తుడుగారూ, అలాగని మీ పక్షం కాదు. మీ బండి ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతుంది?

అబింగ్డన్_భక్తుడు
మూడొందలు. వాన లేనప్పుడు.

లక్ష్మి_లెస్టర్
అదీ సంగతి. డాక్టరుగారు రోజూ డ్యూటీకి నడుపుతారు. ఆయన చెవులు, ఆయన ఇష్టం. బండిని మాత్రం కోయొద్దంటాను. ఏం పెట్టినా ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పండి, నేను ఆలస్యంగా చెప్పి టెన్షన్ పడ్డాను.

కోఠి_కెపాసిటర్
అమ్మాయి బాగా చెప్పింది. ఇక నా లెక్క వినండి.

టాప్ లేని బండిలో గంటకు 60 మైళ్ల వేగం దాటితే గాలి హోరు మొదట మింగేది కింది స్వరాలనే. సబ్‌వూఫర్ ఎంత కొట్టుకున్నా ఆ హోరులో కలిసిపోతుంది. గొంతు మాత్రం నిలుస్తుంది. మీరు వినేది ఘంటసాల, అంటే మీకు కావాల్సింది మధ్య స్వరాలు. వాట్లు చూడకండి, స్పీకరు సెన్సిటివిటీ చూడండి, అంటే ఒక్క వాటుకి ఎంత మోత ఇస్తుందో. 86 డెసిబెల్స్ స్పీకరుకి నలభై వాట్లు పోస్తే వచ్చే మోత, 92 డెసిబెల్స్ దానికి పదితోనే వస్తుంది. డైనమో బండిలో అంతకన్నా పెద్ద వరం లేదు.

కాబట్టి పాత సెట్టు ఉన్నచోటే ఉండనివ్వండి. తక్కువ కరెంటుతో నడిచే చిన్న క్లాస్-డి రకం ఆంప్లిఫయర్, బ్లూటూత్ ఉన్నది, సీటు కింద పెట్టండి. దానికి ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య తీగ సంబంధం లేని ఐసొలేటెడ్ కన్వర్టర్ ద్వారా కరెంటు ఇవ్వండి. దిక్కు గొడవ అక్కడితో తీరుతుంది, మీటరు విప్పక్కర్లేదు. ఆంప్లిఫయర్ డబ్బా, స్పీకరు తీగలు బాడీకి తగలకూడదు, మర్చిపోవద్దు. స్పీకర్లు కాళ్ల పక్క గోడలకు ఆనేలా చెక్క డబ్బాల్లో. స్క్రూ ఒక్కటి కూడా కొత్త కన్నంలో దిగక్కర్లేదు.

డల్లాస్_మియాటా
సబ్‌వూఫర్ లేకుండా పాట ఏంటి సార్... సరే, ఘంటసాలకి ఓకే. నా ప్లేలిస్టుకి కుదరదు.

అబింగ్డన్_భక్తుడు
కన్నం పడదంటే నాకు అభ్యంతరం లేదు. పక్కన నేను కూర్చున్నప్పుడు ఆపేయండి, ఇంజను వినాలి.

నైట్‌డ్యూటీ_కోవెంట్రీ
మూడు వారాల తర్వాత రాస్తున్నా. కోఠి సార్ చెప్పినట్టే చేశాను. డబ్బాలు ప్లైవుడ్‌వి, నల్ల రెక్సిన్ అతికించాను, ఒకటి కొంచెం వంకర. తీగలన్నీ కార్పెట్ కింద. 40 మైళ్ల దాకా మాటా మాటా వినిపిస్తోంది. 60 దాటితే పల్లవి దొరుకుతుంది, వేణువు దొరకదు. ఆంప్లిఫయర్ తీగలో ఆంపియర్ మీటరు పెట్టి చూస్తే మామూలు వాల్యూమ్‌లో ఒకటి కూడా దాటలేదు.

నిన్న రాత్రి వాన. రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర వైపర్లు, లైట్లు, హీటరు అన్నీ ఆన్‌లో ఉన్నాయి. డాష్‌బోర్డులో ఎర్రలైటు వెలగగానే నాకు తెలియకుండానే చెయ్యి వాల్యూమ్ మీదికి పోయింది. తీరా చూస్తే తిప్పుతున్నది పాత రేడియో నాబు.

లక్ష్మి_లెస్టర్
ఫొటో పెట్టండి, వంకర డబ్బాతో సహా.